పట్టమునకు ముందటి గడియ

అమెరికా దేశపు కళాశాలలు పెక్కింటిలో పట్టప్రదానోత్సవమునకు ఒకటి రెండు దినములు ముందుగా, పట్టము పుచ్చుకొనబోవు విద్యార్థులు కళాశాలా ప్రార్థనామందిరమున జేరి గంటసేపు కూర్చుండు ఆచార మొకటి కలదు. దీనికి ‘బాకలారియేటు’ సభ యని పేరు. ఉత్సవదినమున పేరులు పిలుతురు, పత్రములు చేతికిత్తురు, టోపీలు పైకెగురవేయుదురు, తల్లిదండ్రులు ఛాయాచిత్రములు తీయుదురు. ముందటి సభలో నివి యేవియు లేవు. ఒక పాట, ఒక పఠనము, కొంత నిశ్శబ్దము, ఒక పెద్దమనిషి చేయు ఉపన్యాసము, అంతియే. పత్రము చేతికి రాకమునుపు, ఆ పత్రమెందులకని తమలో తాము తలపోసికొనుటకే ఆ గంట యేర్పడినది.

మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు స్థాపితములైననాటనుండి ఇంగ్లండు గౌనును, మెడపట్టీని, ఊరేగింపును మనము శ్రద్ధతో అనుకరించుచు వచ్చితిమి. ఇటీవల కొన్నిచోట్ల గౌను తీసివేసి చేనేత ఉత్తరీయము కప్పుచున్నారు, సంతోషమే. కాని వస్త్రము మాఱినది గాని, విద్యార్థి తన చదువును గూర్చి తానొకమాఱు ఆలోచించుకొను వేళ మాత్రము మన కార్యక్రమములలో నేమూలను గానరాదు. అందుచేత ఈ పరదేశపు ఆచారమును, అందు పలుకబడిన ఉపన్యాసములను కొన్నింటిని, వాఙ్మయ దృష్టితో పరిశీలింపదలచితిమి. ఇవి ఒక ప్రత్యేక వాఙ్మయశాఖగా లెక్కింపదగినన్ని పేరుకొన్నవి. అందు చాలభాగము తాలు. గింజలు కొన్ని మాత్రము దాచుకొనదగినవి.

ముందు పేరును గూర్చి ఒక ముచ్చట. లాటిను భాషలో ‘బాకలారియుస్’ అను శబ్దము మధ్యయుగమున తక్కువ తరగతి పట్టము గలవానికి వాడుకలోనుండెను. పండితులు దానిని ‘బాకలౌరియుస్’ అని సవరించి, లారెలు చెట్టు కాయలు అను నర్థము దానికి అంటగట్టిరి. లారెలు ఆకుల దండ గ్రీసు రోము దేశములలో జయచిహ్నము. ఇది శబ్దశాస్త్రము గాదు, పండితుల సరసము. మన నిరుక్తకారులు చేసిన విద్యలు తెలిసిన మన కిది వింతగా తోపదు. తప్పు వ్యుత్పత్తియైనను ఒక యాచారమునకు ప్రాణము పోయగలదని క్రింద చూపెదము.

ఇట్టి వీడ్కోలు మాటలకు గీటురాయిగా మాకు తోచినది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని పదునొకండవ యనువాకము. వేదము చెప్పి ముగించిన గురువు ఇంటికి మఱలు శిష్యునితో పలుకు మాటలవి. వానిని మేమిక్కడ నెత్తి వ్రాయము. పట్టప్రదానసభలలో వాని నంతగా వల్లించుట జరిగినది, విన్నవారికి వినబడకుండపోవునంతగా. అందు తల్లిని తండ్రిని దేవతలుగా నెంచుమను భాగము ప్రసిద్ధము. మాకు దానికంటె ప్రియమైనది, అంతగా వల్లింపబడనిది, దాని వెనువెంటనే వచ్చు మాట: గురువు తన నడవడిలో మంచివాని నే గైకొనుమని, తక్కిన వానిని విడువుమని శిష్యునికి సెలవిచ్చుట. తన లోపమును శిష్యుని యెదుట నిలుపగల గురువు మాటకే వీడ్కోలువేళ విలువ గలదని మా యభిప్రాయము. అయితే ఆ శిష్యుడెవడు? ఆ మాటలు వినుటకు ఏ యాడుపిల్లకు, ఏ శూద్రబాలునకు, ఏ పంచమునకు ఆ గుడిసెలో చోటుండెను? ఉపనిషత్తును పొగడి ఈ ప్రశ్నను మింగుట మావలన గాదు. ఉపన్యాసకుడు తన్ను తాను లెక్కలోనికి తెచ్చుకొనెనా, గదిలో లేనివారిని తలచెనా? ఈ దృష్టితోనే పరదేశపు మాటలనుగూడ చూచెదము.

న్యూజెర్సీ కళాశాల యని పూర్వనామము గల ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున, వ్రాతలో నిలిచిన వీడ్కోలు ఉపన్యాసములలో మొదటిది 1760 సెప్టెంబరునాటిది. నాస్సా హాలునందు, పట్టప్రదానమునకు ముందటి ఆదివారమున, అధ్యక్షుడు సామ్యుయెల్ డేవీసు దానిని చేసెను. ‘మతము, ప్రజాహితబుద్ధి’ యని దాని పేరు. దావీదు రాజు తన తరమువారికి సేవ చేసి నిద్రించెనను బైబిలు ప్రస్తావమును దీసికొని, మీరును మీ తరమునకు సేవచేసి నిద్రింపుడని ఆయన విద్యార్థులకు బోధించెను. దైవభక్తి లేని ప్రజాహితము, ప్రజాహితము లేని దైవభక్తి రెండును అంగవికలములని ఆయన వాదము. నాడాయనకు ముప్పదియాఱేండ్లు, మఱుసటి ఫిబ్రవరికే ఆయన నిద్రించెను. వినిన వారిలో బెంజమిన్ రష్ అను బాలుడొకడు, వానికి పదునాలుగేండ్లు. ఈతడే తరువాత గొప్ప వైద్యుడై 1776నాటి స్వాతంత్ర్యప్రకటనపై చేవ్రాలు చేసెను.

డేవీసు వాక్యములు పొడవైనవి, బోధపీఠపు గంభీరత మోసి అలసినవి. నేటి చదువరికి పది పుటలు దాటుట కష్టము. అయినను ఆత్మోద్ధరణమే పరమార్థమని నిత్యము బోధించు మతగురువు, పట్టము పుచ్చుకొను బాలురతో ‘మీ తరము’ అను మాట పలికెను. మోక్షము నీది, సేవ తరముది. ఈ మాట మన మఠములలో ఇన్ని శతాబ్దములు వినబడియుండినచో మన కథ వేఱుగా నుండెడిది.

కాని ఆ ‘తరము’లో నెవరుండిరి? డేవీసు వర్జీనియాలో బోధకుడుగా నున్నప్పుడు బానిసలైన నీగ్రోలకు చదువు చెప్పించెను, పుస్తకములు పంచెను. ఆ కాలమున నది సామాన్యము గాదు. అయితే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము తన చరిత్రను తానే త్రవ్వి 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఆ కళాశాల మొదటి తొమ్మండుగురు అధ్యక్షులును ఏదో యొకప్పుడు బానిసలను కలిగియుండినవారే. డేవీసు వారిలో నాలుగవవాడు. ఆయన తరువాతి యధ్యక్షుడు మరణింపగా 1766లో ఆయన ఆస్తితోబాటు ఆరుగురు బానిసలను అధ్యక్షుని యింటివద్దనే అమ్మకమునకు పెట్టిరి. ప్రజాహితబుద్ధిని గూర్చి బోధ జరిగిన యావరణమది. నడుమ ఆఱు సంవత్సరములు. రష్ 1773లో బానిసత్వమును ఖండించుచు పుస్తకము వ్రాసెను. తానును ఒక బానిసను కలిగియుండెను. గురువు మాట శిష్యునిలో సగము నాటుకొన్నదందుమా, సగము నాటుకొనలేదందుమా? మేము మొదటిదే యందుము. డేవీసు బోధలో ఆ మిగిలిన సగము లేకుండెను గనుక, శిష్యుడు దానిని తానే కనుగొనవలసి వచ్చెను.

ఇక ఎమర్సను. ఈ శాఖలో నెవరును దాటలేని శిఖరము 1838 జూలై 15 ఆదివారము సాయంకాలమున హార్వర్డు మతవిద్యాశాల ప్రార్థనాగృహములో ఆయన చేసిన ఉపన్యాసము. ఆయనను పిలిచినది అధ్యాపకులు గారు, పట్టము పుచ్చుకొను విద్యార్థులు. వారు కొద్దిమందియే. ఎమర్సను అప్పటికాఱేండ్ల క్రితము, ప్రభురాత్రి భోజన సంస్కారమును తన మనస్సొప్పక నెఱపలేనని, బోస్టనులో తన పౌరోహిత్యమును వదలుకొనినవాడు. పౌరోహిత్యము వదలినవాని చేత, పురోహితులు కాబోవువారు, పురోహితులను తయారుచేయు శాలలో, వీడ్కోలు మాట చెప్పించుకొనిరి. ఈ ధైర్యము విద్యార్థులది. దీనిని విమర్శకులు చాలినంత మెచ్చలేదని మేమందుము.

ఆ ఉపన్యాసము వేసవికాలపు వర్ణనతో ఆరంభమగును. మొదటి పుట చదివి ఇది కవిత్వమని మోసపోవువారు మూడవ పుటకు ఉలికిపడుదురు. క్రీస్తుమతము క్రీస్తు వ్యక్తిని అతిశయోక్తితో పెంచి, ఆయన కనుగొన్న ఆత్మసత్యమును మూలకు నెట్టినదని ఆయన వాదము. ఒకనాడు జరిగి ముగిసినట్లు దైవసాక్షాత్కారమును గూర్చి బోధించుట, దేవుడు చనిపోయినట్లు మాటలాడుటతో సమానమనునంత దూరము పోయెను. అధ్యాపకులు మండిపడిరి. ఆండ్రూస్ నార్టన్ అను పండితుడు మఱుసటి యేట దీనిని నాస్తికత యొక్క సరిక్రొత్త రూపముగా ఖండించుచు ప్రత్యుపన్యాసము ప్రకటించెను. సుమారు మూడు దశాబ్దములు హార్వర్డు ఎమర్సనును ఉపన్యసింప బిలువలేదు. 1866లో గౌరవపట్ట మిచ్చి, మఱుసటి యేట వేదిక నిచ్చెను. ఈలోగా లోకము మాఱినది, ఎమర్సనుకు జుట్టు నెరసినది.

మత వివాదము మాకిట ప్రధానము గాదు. మమ్ము కట్టిపడవేయునది, ఆయన ఒక మంచు కురియు దినమున గుడిలో కూర్చుండి వినిన ప్రసంగమును గూర్చి చెప్పు భాగము. బోధకుడు మాటలాడుచుండెను, కిటికీ వెలుపల మంచు కురియుచుండెను. మంచు నిజముగా నుండెను, బోధకుడు నీడవలె నుండెను. ఆ మనిషి యెన్నడైన నవ్వెనా, యేడ్చెనా, పెండ్లియాడెనా, మోసపోయెనా, చిన్నబోయెనా? అతని మాటలలో నొక్కదానివలనను తెలియలేదు. జీవించిన జీవితమును సత్యముగా మార్చి పంచుటయే బోధ; అది లేనివాడు నోరు మెదపుట దండుగ. ఇది మతబోధకులకే కాదు. పాఠశాలలో ముప్పది సంవత్సరములు నోటు పుస్తకము చూచి చెప్పు మావంటి పంతుళ్ల కందఱికి తగులు దెబ్బ. వేడుకకై పిలువబడిన యతిథి, వేడుక జరుగు వృత్తిలోని శూన్యతను ఇంత సూటిగా చూపిన యుపన్యాసము వేఱొకటి మే మెఱుగము.

మన వారిలో కొందఱు ఎమర్సను మాట యెత్తగానే ‘ఇదంతయు మన యుపనిషత్తులదే’ యని మీసము దువ్వుదురు. ఇందు తొందరపాటు గలదు. భారతీయ వాఙ్మయమున ఆయనకు చిన్నతనమునుండి కుతూహలమున్నమాట నిజమే. కాని భగవద్గీతను సంపూర్ణముగా చేతబట్టి చదివినది 1845 ప్రాంతమున. ‘బ్రహ్మ’ యను పద్యము 1857నాటిది. 1838నాటి ఈ యుపన్యాసమునకు బలము ఆయన సొంత పౌరోహిత్యానుభవమునుండి, ఆయన వదలుకొన్న జీతమునుండి వచ్చినది. మనము చదివి మఱచినదానిని ఒకడు చదువకుండనే కనుగొనినచో, సిగ్గుపడవలసినది మనము.

దోషమును జెప్పకున్న విమర్శ గాదు. పడగొట్టునప్పుడు ఆయన వాక్యము గొడ్డలి, కట్టునప్పుడు పొగ. ఉపాయమేమని విద్యార్థి యడిగినచో, క్రొత్త ఆచారములు కల్పింపవద్దు, ఉన్న యాచారములలోనికి క్రొత్త ఊపిరి యూదుమనును. ఈ సలహా మంచిదే. మన సంస్కర్తలు కొందఱు ఇల్లు తగులబెట్టి వెచ్చదనము పొందగోరినప్పుడు దీనిని తలచుకొనదగును. కాని ఆ యూపిరి యెట్లూదవలెనో ఆయన చెప్పడు. నీలోనే యున్నదని చేయి విదుల్చును. అంతేగాక, అదే సంవత్సరము ఏప్రిలులో చెరోకీ జాతివారిని వారి నేలనుండి వెడలగొట్టుటను నిరసించుచు దేశాధ్యక్షునకు బహిరంగలేఖ వ్రాసిన యాయన, జూలైలో ఈ సభకు వచ్చునప్పటికి ఆ యన్యాయమును విషయముగా గైకొనలేదు. ఆత్మ యందఱిలో నున్నదనినప్పుడు, ఆ యందఱిలో కొందఱ మెడపై నిలిచియున్న కాలిని గూర్చి పలుకకుండుట ఆ యుపన్యాసమునకు కొఱత.

ఆ కొఱతను తీర్చినవాడు నూటనలువది సంవత్సరముల తరువాత వచ్చినాడు. అంతలో మందిరములలో జరిగిన మార్పును క్లుప్తముగా జెప్పెదము. పూర్వము ఈ కళాశాలలలో ప్రార్థనకు వచ్చుట విధి; రానివానికి శిక్ష. హార్వర్డు 1886లో, యేలు 1926లో ఆ నిర్బంధమును దీసివేసినవి. ప్రిన్స్‌టన్‌లో దాని చివరి యవశేషము 1964లో పోయినది. ప్రభుత్వపు బడుల విషయమున 1992లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగా చీలి, పట్టోత్సవమున మతగురువుచేత ప్రార్థన చేయించుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పెను. నీవు ప్రార్థింపకున్న మౌనముగా నిలుచుండవచ్చును గదా యను వాదమునకు న్యాయమూర్తి కెనెడీ చెప్పిన సమాధానము ఆలోచింపదగినది: తోడివారందఱు నిలువబడినప్పుడు బాలుడు నిలువబడుట సమ్మతిగానే కనబడును, తన యుత్సవమునకు తానే రాకుండుము అనుట స్వేచ్ఛ యనిపించుకొనదు. మన బడులలో ఉదయపు ప్రార్థనను నడుపు పెద్దలు ఈ తీర్పును ఒకమాఱు చదువుట మంచిది. ఎంతో కాలము నిర్బంధముగా నడచినది, నిర్బంధము పోయిన తరువాతను నిలువగలదా? అనేక కళాశాలలలో నిలిచినది. ఆ నిలుచుటయే దానిలో నేదో సారమున్నదనుటకు నిదర్శనము.

1980 మే 4వ తేదీన అట్లాంటా నగరమున స్పెల్మన్ కళాశాల బాకలారియేటు సభలో హోవర్డ్ థర్మన్ మాటలాడెను. స్పెల్మన్ నల్లజాతి స్త్రీల కళాశాల. 1881లో ఒక బాప్టిస్టు దేవాలయపు నేలమాళిగలో పదునొకండుమంది విద్యార్థినులతో మొదలైనది; వారిలో పలువురు బానిసత్వమునుండి విడుదలయైనవారు. 1927లో కట్టిన సిస్టర్స్ చాపెలు ఆ కళాశాల ప్రార్థనామందిరము. 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగు భౌతికకాయమును ప్రజల దర్శనార్థము ఉంచినది అందులోనే. థర్మన్‌కు నాడెనుబదియేండ్లు, తరువాత నేడాది తిరుగకుండనే ఆయన గతించెను. ఆయన్ను పెంచిన యమ్మమ్మ బానిసగా బుట్టినది. చదువు రాదు, మనుమనిచేత బైబిలు చదివించుకొనుచు, పౌలు వ్రాసిన లేఖలను మాత్రము సాధారణముగా చదువనిచ్చెడిది గాదు, యజమానికి లోబడియుండుడని బానిసలకు బోధించుటకు దొరల బోధకులు వానినే వాడుచుండిరని ఆమెకు జ్ఞాపకము. చదువురాని ఆ ముసలమ్మ చేసినది సాహిత్యవిమర్శ గాక మఱేమి?

థర్మన్ మన దేశమునకు క్రొత్తవాడు గాడు. 1935-36లో సతీసమేతుడై, మఱియిద్దఱితో గూడి, భారతదేశమున తిరిగెను. సింహళమున నొక విద్యావంతుడు, నీ జాతిని బానిసలుగా జేసినవారి మతమున నీవెట్లుంటివని నిలదీసెను. ఆ ప్రశ్నకు ఆయన జవాబు 1949లో పుస్తకరూపమున వెలువడెను. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీ మహాత్ముని దర్శించినప్పుడు, మహాత్ముడే నీగ్రోల బానిసత్వమును గూర్చి ప్రశ్నపై ప్రశ్న వేసెను. అహింసాసందేశము కల్తీలేకుండ లోకమునకందుట ఒకవేళ నీగ్రోల మూలముననే జరుగునేమో యనెను. అస్పృశ్యతను గూర్చి మనలను మనము ప్రశ్నించుకొను దినములవి. ఆ సంభాషణ రెండు వైపులను వెలిగించినది.

ఆ యెనుబదియేండ్ల వృద్ధుడు, పట్టము పుచ్చుకొను యువతులతో, మీలో నిజమైనదాని ధ్వని యొకటి యున్నది, దానిని వినుటకు నేర్చుకొనుడని చెప్పెను. ఎమర్సను చెప్పినదియు నిదియే గదా యనవచ్చును. కాదు, భేదమున్నది. ఎమర్సను ఆ ధ్వని యందఱికి వినబడుచున్నట్లే మాటలాడును. అది వినబడకుండ జేయు రొద ఎంత యున్నదో థర్మన్ ఎఱుగును. ఇతరుల చేతిలోని దారములకు కట్టుబడి యాడు బొమ్మవలె బ్రదుకు గడచిపోవు ప్రమాదమును ఆయన హెచ్చరించును. బానిస మనుమడు దారములను గూర్చి పలికినప్పుడు అది అలంకారము గాదు. అచ్చట నాగక, నీలోని ధ్వనిని వినగలిగినప్పుడే ఎదుటివానిలోని ధ్వనియు వినబడునని ముగింపునకు బోవును. డేవీసు తరమును జూచెను, ఎమర్సను ఆత్మను జూచెను. థర్మన్ యందు ఒకటి రెండవదానికి త్రోవ.

ఈ యుపన్యాసమును పుటలపై చదువుటకంటె వినవలెను, ధ్వనిముద్రణ మున్నది. ఆయన వాక్యము చెప్పి ఆగును. ఆ యాగుట మఱియొక యుపన్యాసకుడు చేసినచో మఱచిపోయెననుకొందుము. ఈయన యాగినప్పుడు సభ కూడ నాగును. కాగితముపై చూచినవారికి పునరుక్తి యెక్కువ, క్రమము తక్కువ యని తోచును. మాకును కొన్నిచోట్ల నట్లే తోచినది. కాని వీడ్కోలు సభ గ్రంథాలయము గాదు. ఒక గంట నిజముగా నిశ్శబ్దము చేయగల మనిషి దొరకినచో వ్యాకరణము తరువాత చూచుకొనవచ్చును.

ఇక నేటివారు. ప్రిన్స్‌టన్ మందిరము 1920లో పాతది తగులబడగా, రాల్ఫ్ ఆడమ్స్ క్రామ్ రచించిన పథకమున గోథికు రీతిని కట్టి 1928లో ప్రతిష్ఠించినది. అందలి బల్లలకు వాడిన కలప అంతర్యుద్ధకాలమున ఫిరంగి బండ్లకై సేకరించినదని చెప్పుదురు. ఇది ఏ శిల్పియు కల్పింపలేని యలంకారము. నేడు సభలో వివిధమతముల గ్రంథములనుండి విద్యార్థులే పఠింతురు. ఉపన్యాసకుడు మతగురువే కానక్కఱలేదు. వర్తకుడు, గ్రంథకర్త, ధనశాస్త్రజ్ఞుడు ఎవరైనను కావచ్చును. 2013లో కేంద్రబ్యాంకు అధిపతి బెన్ బెర్నాంకీ బైబిలు పదియాజ్ఞలను తలపించు ‘పది సూచనలు’ చెప్పి నవ్వించెను. నవ్వించుటకు మించి యందేమి యున్నదో మాకు తెలియరాలేదు.

2010 మే నెలలో వచ్చిన జెఫ్ బెజోసును అంత తేలికగా త్రోసివేయజాలము. అమెజాన్ వర్తకసంస్థ స్థాపకుడు, ఆ కళాశాల పూర్వవిద్యార్థి. పదియేండ్ల వయస్సున తాత అవ్వలతో ప్రయాణము చేయుచు, పొగత్రాగు అవ్వ తన యాయుస్సులో నెన్నేండ్లు పోగొట్టుకొన్నదో లెక్కగట్టి, తన తెలివికి మెప్పు వచ్చునని గర్వముతో తొమ్మిదేండ్లని ప్రకటించెనట. అవ్వ యేడ్చినది. తాత బండి నాపి, దిగి, వానిని వెలుపలికి బిలిచి కోపింపక, తెలివిగా నుండుటకంటె దయగా నుండుట కష్టమని ఎన్నటికైన తెలిసికొందువని మెల్లగా చెప్పెనట. ఇంతవరకు మా గీటురాయిపై ఇది మేలిమి. ఉపన్యాసకుడు తన తప్పును నడివీధిలో నిలిపినాడు. కాని ఆ పిమ్మట కథ దారి తప్పును. తెలివి పుట్టుకతో వచ్చిన వరము, దయ మనము కోరుకొనునది యనిన తరువాత, అవ్వను గూర్చిన మాట ఉద్యోగము మాని సంస్థ స్థాపించిన సాహసమునకు దారితీయును. దయయను ఎంపిక మెల్లగా వ్యాపారమను ఎంపికగా మాఱును. అవ్వ కన్నీరు చివరికి పెట్టుబడిలో జమపడుట మాకు నచ్చలేదు.

2012లో అదే పీఠమునుండి మాటలాడిన గ్రంథకర్త మైకేల్ లూయిస్ అదృష్టమును విషయముగా గైకొనెను. విందులో ఒక ధనికసంస్థ పెద్ద యధికారి భార్య ప్రక్కన కూర్చుండుట సంభవించెను గనుక ఉద్యోగము దొరకెను. ఆ యుద్యోగము గనుక పుస్తకము. పుస్తకము గనుక కీర్తి. నేను గొప్ప రచయితనని నలుగురు నమ్మినప్పుడు నాకును నమ్మబుద్ధియైనది, కాని మొదలు ఆ కుర్చీ యనెను. పిమ్మట కాలిఫోర్నియా పరిశోధకుల ప్రయోగ మొకటి చెప్పెను. ముగ్గురేసి జట్లు చేసి, ఒకనిని ఊరక నాయకుడని పేరుపెట్టి, పనిలో నుండగా నాలుగు బిస్కట్లు పళ్లెమున బెట్టి పంపిరి. తలకొకటి పోగా మిగిలిన నాలుగవది నాయకుడే తినెను, చప్పరించుచు తినెను. ఆతడు చేసిన ఘనకార్యమేమియు లేదు, పేరుపెట్టుటయే. మీరందఱు ఆ నాయకులు, ఆ నాలుగవ బిస్కటు మీకు రావలసినదే యని నమ్ముట మీకు సులభము, కాదనుకొని చూడుడని చెప్పి దిగిపోయెను. దేవుని పేరెత్తక, పాపము పుణ్యము అనక, డేవీసు వదలిన సగమును ఈతడు పలికెను. మన కులములలో పుట్టుకతో నాయకుడని పేరుపెట్టించుకొన్నవారము, వేల సంవత్సరములనుండి నాలుగవ బిస్కటును చప్పరించుచున్నవారము, ఈ చిన్న కథకు ఉలికిపడవలెను.

వివిధమత పఠనములను గూర్చి మాకొక సందేహము. వేదమొకటి, ఖురానొకటి, బుద్ధవచనమొకటి, బైబిలొకటి, తలకొక నిమిషము; అందఱికి చోటిచ్చినట్లుండును, ఎవరి మాటయు చెవినాటదు. పూర్వపు నిర్బంధముకంటె ఇది వేయిరెట్లు మేలు. కాని మర్యాద, శ్రద్ధ ఒక్కటి గావు. మన తెలుగుబిడ్డలు వేలకొలదిగా ఆ దేశమున చదువుచున్నారు. సంస్కృతశ్లోకమును పఠించుటకు వారిలో నొకరు లేచినచో, తల్లిదండ్రుల కన్నులు చెమర్చును, సహజము. ఆ శ్లోకమునకర్థము ఆ పిల్లవానికి తెలియునా యని యడుగుట పంతులు వృత్తిదోషము, క్షమింపుడు.

మాటలతోనే ఈ ఆచారమంతయు గలదని యనరాదు. మేరీ లియాన్ 1837లో స్త్రీవిద్యకై స్థాపించిన మౌంట్ హోల్యోక్ కళాశాలలో, పట్టోత్సవమునకు ముందుదినమున తెల్లని దుస్తులు ధరించిన విద్యార్థినులు పొడవైన లారెలు దండను భుజములమీద మోసికొని ఊరేగి, స్థాపకురాలి సమాధి చుట్టునున్న ఇనుపకంచెకు దానిని చుట్టుదురు. ముందుతరముల పూర్వవిద్యార్థినులును వారితో నడతురు. పైని జెప్పిన తప్పు వ్యుత్పత్తి ఇక్కడ సార్థకమైనది: లారెలు దండ గెలిచినవాని తలకు గాక, చదువుటకు చోటు కల్పించిన స్త్రీ సమాధికి చేరినది. స్త్రీవిద్యకై బాధలు పడిన మన వారి పేరున ఇట్టి యాచారము మన స్త్రీల కళాశాలలలో నెచ్చటనైన గలదేమో, తెలిసిన చదువరులు వ్రాయుదురు గాక.

మన విశ్వవిద్యాలయములకు మా సూచన చిన్నది. పట్టప్రదానమునకు ముందు సాయంకాలమున గంటసేపు విద్యార్థులు మాత్రము కూడుకొనవలెను. మందిరమక్కఱలేదు, వసతిగృహపు వసారా చాలును. ముఖ్యయతిథి వలదు, శాలువ వలదు, స్వాగతోపన్యాసము అసలే వలదు. విద్యార్థులే తమకు నచ్చిన యుపాధ్యాయునొకనిని, లేదా వంటయింటిలో ఇన్నాళ్లు తమకు వడ్డించిన మనిషిని, మాటలాడ పిలుచుకొందురు గాక. ఆ మాట అరగంట మించరాదు. ఏ గ్రంథమునుండియైన ఒక పుట చదువవచ్చును, చదివినవారు దాని యర్థమును తమ మాటలలో జెప్పవలెను. రాదలచనివారు రాకుందురు, హాజరు తీయరాదు. మిగిలిన వేళ దీపములు తగ్గించి ఊరక కూర్చుండవచ్చును. దీనికి నిధులక్కఱలేదు గనుక, ఏ సంఘపు తీర్మానమునకును వేచియుండక, రానున్న వేసవిలోనే ఏదైన నొక కళాశాల ఆరంభింపవచ్చును.